సెయింట్ కిట్స్: చెరుకు దీవిలో పౌరసత్వపు బేరం

సూరత్ వజ్రాల వ్యాపారానికి, ఒక కరీబియన్ దీవికి ముడిపడిన వైనం

సూరత్‌లోని కతార్‌గామ్, వరాఛా ప్రాంతాల్లో వజ్రాలకు సానపట్టి జీవనం సాగించే కార్మికులు లక్షల సంఖ్యలో ఉన్నారు. ప్రపంచంలో సానపట్టే ప్రతి పది వజ్రాల్లో ఎనిమిదో తొమ్మిదో ఈ నగరం మీదుగానే అంగడికి చేరుతాయని అంచనా. అటువంటి నగరంలో రిజిస్టర్డు కార్యాలయం గల విన్‌సమ్ డైమండ్స్ అండ్ జ్యుయెలరీ సంస్థ 2013లో బ్యాంకులకు చెల్లించవలసిన వేల కోట్ల రూపాయలు చెల్లించలేక చేతులెత్తేసింది. సంస్థ ప్రమోటరు జతిన్ మెహతా ఎక్కడున్నారన్న ప్రశ్నకు కొంతకాలానికి లభించిన జవాబు చాలామంది చేత అట్లాసు తెరిపించింది. ఆయన భారత పౌరసత్వాన్ని వదులుకుని సెయింట్ కిట్స్ - నెవిస్ అనే దేశానికి పౌరుడయ్యారు.

తెలుగు పాఠకులకు మాత్రం ఆ పేరు కొత్త కాదు. 1989 ఆగస్టులో కువైట్ నుంచి వెలువడే 'అరబ్ టైమ్స్' పత్రిక ఒక కథనం ప్రచురించింది. బోఫోర్స్ వ్యవహారంపై ధ్వజమెత్తి కాంగ్రెస్ నుంచి బయటకు వచ్చిన విశ్వనాథ్ ప్రతాప్ సింగ్ కుమారుడు అజేయ సింగ్ పేరిట సెయింట్ కిట్స్‌లోని ఫస్ట్ ట్రస్ట్ కార్పొరేషన్ బ్యాంకులో 2 కోట్ల 10 లక్షల డాలర్లు జమ అయ్యాయన్నది దాని సారాంశం. సార్వత్రిక ఎన్నికలు ముంచుకొస్తున్న తరుణమది. ఆ పత్రాలు ఫోర్జరీవని తరువాత తేలింది. అప్పటి విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావు ఆ పత్రాలకు ధ్రువీకరణ లభించేలా చూశారన్న ఆరోపణపై, ఆయన ప్రధాని పదవి నుంచి దిగిపోయిన 1996లోనే నిందితుల జాబితాలోకి ఎక్కారు. ఆధారాలు లేవని 1997లో ఢిల్లీ ప్రత్యేక న్యాయస్థానం ఆయనను కేసు నుంచి విముక్తుణ్ణి చేసింది. 2004లో చంద్రస్వామి కూడా నిర్దోషిగా బయటపడ్డారు. ఏ నేరమూ ఎవరిపైనా రుజువు కాకుండానే ఆ అధ్యాయం ముగిసింది. అబద్ధపు ఖాతాను సృష్టించదలచినవారు అందరికీ తెలిసిన స్విట్జర్లాండును కాదని ఈ దీవిని ఎన్నుకోవడమే అందులో ఆలోచించదగిన అంశం. అక్కడికి వెళ్ళి ఆరా తీసేవారెవరూ ఉండరన్న ధీమా అది.

ఇంతకూ ఆ దేశం వైశాల్యం 261 చదరపు కిలోమీటర్లు. 2020లో సరిహద్దులు విస్తరించిన సూరత్ నగరపాలక సంస్థ పరిధిలో సగం కంటే కాస్త ఎక్కువ. జనాభా సుమారు యాభై వేలు. అంటే మన జిల్లాల్లో ఒక మాదిరి పురపాలక పట్టణమంత. రెండు దీవులకు కలిపి ఒక ప్రధానమంత్రి, ఒక జెండా, ఐక్యరాజ్య సమితిలో ఒక వోటు ఉన్నాయి. అమెరికా ఖండాలు రెండింటిలోనూ ఇంతకంటే చిన్న సర్వసత్తాక దేశం లేదు.

బట్టల మూటలు, మనుషుల బేరం

సూరత్‌కూ ఈ దీవికీ ఉన్న బంధుత్వం నిజానికి వజ్రాలతో మొదలైనది కాదు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలోనూ, 1613లో జహంగీరు ఫర్మానాతో సూరత్‌లోనూ వర్తక స్థావరాలు ఏర్పరచుకుంది. ఆ తరువాత పదకొండేళ్ళకు, 1624లో థామస్ వార్నర్ అనే ఇంగ్లీషువాడు కొద్దిమంది అనుచరులతో సెయింట్ కిట్స్‌లో దిగాడు. కరీబియన్ ప్రాంతంలో ఇంగ్లండుకు అదే తొలి శాశ్వత వలస. ఒకే తరం ఇంగ్లీషు వర్తకులు తపతీ తీరాన బట్టలు కొనసాగారు, అట్లాంటిక్ అవతల పొగాకు నాటసాగారు.

మరుసటి ఏడాదే ఫ్రెంచివారు కూడా వచ్చి చేరారు. దీవి ఆదివాసులైన కలినాగోలను 1626లో ఇద్దరూ కలసి ఊచకోత కోశారు. ఆ హత్యాకాండ జరిగిన చోటును ఈనాటికీ 'బ్లడీ పాయింట్' అనే పిలుస్తున్నారు. కలినాగోలు ఆ దీవికి పెట్టుకున్న పేరు లియాముయిగా, అంటే సారవంతమైన నేల. 1493లో అటుగా వెళ్ళిన కొలంబస్ నాటి నుంచి సెయింట్ క్రిస్టోఫర్ అన్న పేరు స్థిరపడింది. 'కిట్' అన్నది క్రిస్టోఫర్‌కు ఇంగ్లీషువారి ముద్దుపేరు. అసలు పేరు చివరకు అక్కడి అగ్నిపర్వత శిఖరానికి మాత్రమే మిగిలింది. అదైనా 1983లో స్వాతంత్ర్యం వచ్చాక తిరిగి పెట్టుకున్నదే. అంతవరకు దానిని 'మౌంట్ మిజరీ', అంటే దుఃఖగిరి అనేవారు.

పొగాకు గిట్టుబాటు కాకపోవడంతో 1640ల నుంచి దీవి అంతటా చెరుకు పాకింది. చెరుకుతో పాటు ఆఫ్రికా బానిసలు వచ్చారు. ఇక్కడే సూరత్, మచిలీపట్నం మళ్ళీ కథలోకి వస్తాయి. పశ్చిమాఫ్రికా తీరంలో బానిసలను కొనడానికి యూరోపియన్ నౌకలు తీసుకువెళ్ళిన సరుకులో భారతీయ నూలు బట్టలది ప్రధాన స్థానం. గుజరాత్ నుంచి, కోరమాండల్ తీరం నుంచి లండను చేరిన నీలిరంగు బట్టలు, గళ్ళ బట్టలు అక్కడి నుంచి ఆఫ్రికాకు వెళ్ళేవి. ఆ బట్టలకు మారకంగా దొరికిన మనుషులు కరీబియన్ చెరుకు తోటలకు తరలిపోయేవారు. నేసినవారికి తమ బట్ట చివరకు ఎక్కడ ఏ లెక్కలో జమ అవుతున్నదో తెలిసే అవకాశమే లేదు. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళి సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా పరిసరాల్లో మరమగ్గాలపై పనిచేస్తున్న పద్మశాలి కుటుంబాలకు ఆ పాత వ్యాపారంతో సంబంధం లేదు గాని, బట్టతో ముడిపడిన ఆ నగర చరిత్రలో ఇదీ ఒక పుట.

చక్కెర లాభాల కోసం ఇంగ్లండు, ఫ్రాన్సు ఈ చిన్న దీవిపై పదే పదే కత్తులు దూశాయి. దీవి మధ్యభాగం ఇంగ్లీషువారిది, రెండు కొసలూ ఫ్రెంచివారివి అన్న విచిత్రమైన పంపకం 1713 నాటి యుట్రెక్ట్ సంధితో ముగిసి దీవి మొత్తం బ్రిటన్ వశమైంది. 1782లో ఫ్రెంచి సేనలు బ్రిమ్‌స్టోన్ హిల్ కోటను ముట్టడించి పట్టుకున్నా, మరుసటి సంవత్సరపు ఒప్పందంతో తిరిగి అప్పగించాయి. బానిసల చెమటతో లేచిన ఆ కోటను 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అమెరికా తొలి ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ పుట్టింది పక్కనున్న నెవిస్ దీవిలోనే. బ్రిటిష్ నౌకాసేనాని నెల్సన్ 1787లో పెళ్ళి చేసుకున్నదీ అక్కడే.

1834లో బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయింది. లండను ప్రభుత్వం 2 కోట్ల పౌన్ల నష్టపరిహారం ప్రకటించింది. అది బానిసలకు కాదు, వారి యజమానులకు. విముక్తులైనవారు మరో నాలుగేళ్ళు 'అప్రెంటిసు'ల పేరుతో పాత యజమానుల వద్దే చాకిరీ చేయవలసి వచ్చింది. కూలీల కొరత తీర్చుకోవడానికి తోటల యజమానులు భారతదేశం వైపు చూశారు. 1861లో సెయింట్ కిట్స్‌కు, 1874లో నెవిస్‌కు ఒక్కొక్క ఓడలో మూడు వందల పైచిలుకు భారతీయ కూలీలు చేరుకున్నారు. ట్రినిడాడ్, గయానాలలో మాదిరిగా వారు పెద్ద సమాజంగా నిలదొక్కుకోలేదు. కొందరు ఇతర దీవులకు వెళ్ళిపోగా, మిగిలినవారు స్థానికుల్లో కలసిపోయారు. ఈ దీవికి వెళ్ళిన తొలి భారతీయులు వారే. వారి చేతిలో పాస్‌పోర్టు కాదు, కూలి ఒప్పందం ఉంది.

చక్కెర చప్పబడ్డాక

1935 జనవరిలో బక్లీ తోటలో చెరుకు నరికే కూలీలు కూలి పెంచాలని సమ్మెకు దిగారు. కాల్పుల్లో ముగ్గురు మరణించారు. కరీబియన్ దీవులంతటా ఆ దశకంలో చెలరేగిన కార్మికోద్యమాలకు ఈ సంఘటన నాంది పలికింది. బసెటేర్ చక్కెర కర్మాగారంలో పనిచేసి, కార్మిక నాయకుడుగా ఎదిగిన రాబర్ట్ బ్రాడ్‌షా 1967లో ఏర్పడిన స్వపరిపాలక ప్రభుత్వానికి తొలి ప్రీమియర్ అయ్యారు.

అప్పటికి మూడో దీవి ఆంగ్విలా కూడా వీటితో కలసి ఉండేది. బసెటేర్ పెత్తనం మాకొద్దంటూ ఆంగ్విలా వాసులు అదే ఏడాది పోలీసులను తరిమివేశారు. 1969 మార్చిలో బ్రిటన్ పారాట్రూపర్లనూ, లండను పోలీసులనూ ఆ దీవిపై దించింది. అక్కడ తుపాకి పేల్చవలసిన పనే పడలేదు. స్వతంత్రం కావాలన్న తిరుగుబాటు కాదది, బ్రిటన్ కిందే ఉంటామన్న తిరుగుబాటు. ప్రపంచ చరిత్రలో అరుదైన ఈ కోరికను 1980లో లాంఛనంగా మన్నించారు. అదే ఆంగ్విలాకు ఇంటర్నెట్ చిరునామాల్లో దేశ సంకేతంగా 'ఏఐ' అన్న అక్షరాలు దక్కాయి. కృత్రిమ మేధకు సంక్షిప్తనామం కూడా అదే కావడంతో ఆ అక్షరాలను అద్దెకిచ్చి 2023లో ఆ దీవి 3 కోట్ల డాలర్లకు పైగా ఆర్జించింది. పేరును అమ్ముకుని బతకడంలో ఆంగ్విలాకు అదృష్టం కలసివచ్చింది.

సెయింట్ కిట్స్ - నెవిస్ 1983 సెప్టెంబరు 19న స్వతంత్ర దేశమైంది. చక్కెర పరిశ్రమ అప్పటికే ప్రభుత్వం చేతిలో ఉంది. 1975లో తోటలను, మరుసటి ఏడాది కర్మాగారాన్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. యూరోపియన్ దేశాలు పూర్వపు వలసలకు ఇస్తూ వచ్చిన హామీ ధర ఆ పరిశ్రమకు ఊపిరి. బ్రెజిల్, ఆస్ట్రేలియా, థాయిలాండ్‌లు ప్రపంచ వాణిజ్య సంస్థ ముందు దావా వేసి గెలవడంతో యూరప్ తన చక్కెర ధరలను కోయక తప్పలేదు. 2005లో చివరి పంట నూర్చి కర్మాగారం మూసివేశారు. సుమారు 1,500 మంది ఉపాధి పోయింది. మూడున్నర శతాబ్దాల సేద్యం ఒక్క సీజనుతో ఆగిపోయింది. చెరుకు మోయడానికి దీవి చుట్టూ వేసిన చిన్న రైలుమార్గంపై నేడు విహార నౌకల్లో వచ్చే యాత్రికులు షికారు తిరుగుతున్నారు.

నిజామాబాద్ జిల్లా బోధన్‌లో 1930లలో వెలసి, 2015 డిసెంబరులో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారం సంగతి ఎరిగినవారికి బసెటేర్ పరిస్థితిని వేరుగా వివరించనక్కరలేదు. తేడా ఏమిటంటే, బోధన్ వెనుక ఒక రాష్ట్రం, ఒక దేశం ఉన్నాయి. సెయింట్ కిట్స్ వెనుక సముద్రం తప్ప మరేమీ లేదు. 2010 నాటికి ఆ దేశపు ప్రజారుణం స్థూల జాతీయోత్పత్తికి ఒకటిన్నర రెట్లు దాటింది.

అమ్మకానికి పౌరసత్వం

ఆ స్థితిలో ఆ ప్రభుత్వం పాత చట్టాన్నొకదాన్ని బయటకు తీసింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1984లోనే, దేశంలో గణనీయంగా పెట్టుబడి పెట్టినవారికి పౌరసత్వం ఇవ్వవచ్చునని చట్టం చేశారు. ప్రపంచంలో ఇటువంటి పథకాల్లో ఇదే పాతది. ఇరవై ఏళ్ళపాటు దాని ఊసెత్తినవారు తక్కువ. 2006లో ఒక అంతర్జాతీయ సలహా సంస్థ సాయంతో దానిని తిరగరాసి, చక్కెర పరిశ్రమ వైవిధ్యీకరణ ఫౌండేషన్ అనే నిధిని నెలకొల్పారు. చెరుకు కూలీల పునరావాసం పేరిట ఏర్పడిన ఆ నిధికి విరాళం ఇచ్చినా, ఆమోదం పొందిన భవన నిర్మాణాల్లో పెట్టుబడి పెట్టినా పౌరసత్వం లభించేది. దేశంలో నివసించవలసిన పని ఉండేది కాదు. 2009లో యూరప్‌లోని షెంగెన్ దేశాలు ఆ దీవి పౌరులకు వీసా అవసరం లేదనడంతో గిరాకీ ఎగబాకింది. తరువాతి కాలంలో ఒక్కో ఏడాది ప్రభుత్వ ఆదాయంలో దాదాపు సగం ఈ అమ్మకాల నుంచే సమకూరింది.

నెవిస్ దీవి అదే 1984లో మరో దుకాణం తెరిచింది. యజమాని పేరు బయటపడకుండా కంపెనీలు స్థాపించుకునే వెసులుబాటు కల్పించే చట్టమది. ఆ రాబడి ఇచ్చిన ధీమాతో సెయింట్ కిట్స్ నుంచి విడిపోదామని 1998లో నెవిస్ ప్రజాభిప్రాయ సేకరణ కూడా జరిపింది. అనుకూలంగా దాదాపు 62 శాతం వోట్లు పడ్డాయి గాని, రాజ్యాంగం కోరిన మూడింట రెండు వంతులకు అవి చాలలేదు.

ఈ పౌరసత్వం కొనేవారంతా అపరాధులని అనుకోవడం పొరపాటు. వీసాల కోసం నెలల తరబడి నిరీక్షించలేని వర్తకులు, యుద్ధాలతో చితికిన దేశాల నుంచి బయటపడదలచినవారు కూడా అందులో ఉన్నారు. భారత రాజ్యాంగం ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించదు. విదేశీ పౌరసత్వం స్వచ్ఛందంగా స్వీకరించిన క్షణమే భారత పౌరసత్వం రద్దవుతుంది. ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపిన లెక్కల ప్రకారం 2022లో 2,25,620 మంది, 2023లో 2,16,219 మంది భారత పౌరసత్వాన్ని వదులుకున్నారు. వీరిలో అత్యధికులు ఉద్యోగాల కోసం వెళ్ళి అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలలో స్థిరపడినవారు. తెలుగు కుటుంబాల్లో అటువంటివారు కోకొల్లలు. ఏళ్ళ తరబడి అక్కడ ఉండి, పన్నులు కట్టి సంపాదించుకున్న హోదాకూ, కాలు పెట్టకుండా కొనుక్కున్న హోదాకూ పోలిక లేదు.

ఈ వ్యాపారంలోని లొసుగును ముందుగా ఎత్తిచూపింది అమెరికాయే. అక్రమార్కులు తమ అసలు గుర్తింపు కప్పిపుచ్చుకోవడానికి సెయింట్ కిట్స్ పాస్‌పోర్టులు పొందుతున్నారని 2014 మేలో అమెరికా ఆర్థికశాఖ విభాగం తన బ్యాంకులను హెచ్చరించింది. ఆ నవంబరులో కెనడా ఆ దేశ పౌరులకు వీసా తప్పనిసరి చేసింది. పుట్టిన ఊరు పేరు లేకుండా జారీ అయిన పాస్‌పోర్టులను సెయింట్ కిట్స్ ప్రభుత్వం వెనక్కి రప్పించుకోవలసి వచ్చింది.

బంగారం అరువు, బ్యాంకుల హామీ

విన్‌సమ్ వ్యవహారం నడిచిన తీరు తెలుసుకుంటే ఇటువంటి పాస్‌పోర్టు ప్రాముఖ్యం బోధపడుతుంది. ఆభరణాల ఎగుమతిదారులు విదేశీ బులియన్ సరఫరాదారుల నుంచి బంగారం అరువుగా తెచ్చుకుంటారు. ఎగుమతిదారు సొమ్ము కట్టకపోతే తాము కడతామని భారతీయ బ్యాంకులు హామీపత్రాలు ఇస్తాయి. బంగారం నగలుగా మారి విదేశానికి వెళుతుంది. కొన్నవారి నుంచి డబ్బు రాగానే బులియన్ బాకీ తీరుతుంది. విన్‌సమ్ విషయంలో కొనుగోలుదారులు గల్ఫ్‌లోని సంస్థలు. ఊహా వ్యాపారంలో తమకు భారీ నష్టాలు వచ్చాయని, చెల్లించలేమని వారు 2013లో చేతులు దులుపుకున్నారు. హామీ ఇచ్చిన బ్యాంకులు బులియన్ బాకీని తమ జేబు నుంచి కట్టవలసి వచ్చింది. విన్‌సమ్, దాని అనుబంధ సంస్థ కలసి బ్యాంకులకు బకాయిపడిన మొత్తం 6,500 కోట్ల రూపాయల పైమాటే.

ఆ కొనుగోలుదారులు నిజంగా పరాయివారేనా అన్న సందేహంతో బ్యాంకులు ఫిర్యాదు చేశాయి. 2017లో సి.బి.ఐ. కేసులు నమోదు చేసింది. తాను ఏ తప్పూ చేయలేదన్నది మెహతా వాదన. 2022లో లండను హైకోర్టు ఆయన కుటుంబానికి చెందిన ఆస్తులను ప్రపంచవ్యాప్తంగా స్తంభింపజేస్తూ ఉత్తర్వులిచ్చింది. దర్యాప్తు నాలుగేళ్ళు ఆలస్యంగా మొదలు కావడం వెనుక బ్యాంకుల నిర్లిప్తత కూడా ఉందన్నది కాదనలేని సత్యం. సెయింట్ కిట్స్‌తో అప్పటికి భారత్‌కు నేరస్థుల అప్పగింత ఒప్పందం కూడా లేదు.

ఆ పాఠం నేర్చుకునేలోగా 2018 జనవరిలో పంజాబ్ నేషనల్ బ్యాంకు కుంభకోణం పేలింది. ఈసారి హామీపత్రాలు బ్యాంకు ఖాతా పుస్తకాల్లోకే ఎక్కలేదు. మొత్తం 13,000 కోట్ల రూపాయలు దాటింది. నీరవ్ మోదీ సంస్థల యూనిట్లు సూరత్ సమీపంలోని సచిన్ ప్రత్యేక ఆర్థిక మండలిలో ఉండేవి. ఆయన మేనమామ మెహుల్ చోక్సీకి చెందిన గీతాంజలి గ్రూపు హైదరాబాద్ శివార్లలోని రావిర్యాలలో రత్నాభరణాల ప్రత్యేక ఆర్థిక మండలిని నెలకొల్పింది. చోక్సీ 2017 నవంబరులోనే సెయింట్ కిట్స్‌కు పొరుగుదేశమైన ఆంటిగ్వా పౌరసత్వం సంపాదించారు. బ్యాంకు ఫిర్యాదు చేయడానికి మూడు వారాల ముందు, జనవరి 4న దేశం విడిచి వెళ్ళారు. రావిర్యాల ఆస్తులను ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ జప్తు చేసింది. నగల తయారీలో శిక్షణ పొంది అక్కడ కుదురుకున్న కార్మికులు రోడ్డున పడ్డారు.

అదే సంవత్సరం పార్లమెంటు పరారీ ఆర్థిక నేరగాళ్ళ చట్టాన్ని ఆమోదించింది. 100 కోట్ల రూపాయలు, అంతకు మించిన కేసుల్లో దేశం విడిచిపోయి తిరిగిరాని నిందితుల ఆస్తులను విచారణ ముగియకముందే స్వాధీనం చేసుకునే అధికారం దానివల్ల లభించింది. చోక్సీ 2021 మేలో ఆంటిగ్వాలో అదృశ్యమై డొమినికాలో తేలారు. తనను అపహరించారని ఆయన ఆరోపించారు. చివరకు 2025 ఏప్రిల్‌లో బెల్జియంలో అరెస్టయ్యారు. ఆ అక్టోబరులో ఆంట్‌వెర్ప్ న్యాయస్థానం ఆయనను భారత్‌కు అప్పగించడానికి ఆమోదం తెలిపింది. వజ్రాల వర్తకుడి విషయంలో తీర్పు వజ్రాల వర్తకానికి పేరుపడ్డ ఆంట్‌వెర్ప్‌లోనే రావడం కాకతాళీయం.

దీవులపై ఒత్తిడి కూడా పెరుగుతున్నది. గిరాకీ కోసం ఒకరిపై ఒకరు పోటీపడి ధర తగ్గించుకుంటూ వచ్చిన నాలుగు దేశాలు 2024 మార్చిలో ఒప్పందం చేసుకుని, 2 లక్షల డాలర్లకు తక్కువకు పౌరసత్వం ఇవ్వరాదని నిర్ణయించాయి. సెయింట్ కిట్స్ అంతకు ముందే, 2023లో, తన ధరను రెండున్నర లక్షల డాలర్లకు పెంచింది. నివాసం లేకుండా పౌరసత్వం అమ్ముతున్నారన్న కారణంతో 2025 డిసెంబరులో అమెరికా ఆంటిగ్వా, డొమినికా పౌరుల ప్రవేశంపై ఆంక్షలు ప్రకటించింది. ఆ జాబితాలో సెయింట్ కిట్స్ పేరు లేదు.

సూరత్‌లో 2023 డిసెంబరు 17న 67 లక్షల చదరపు అడుగుల వజ్రాల బోర్సు భవనం ప్రారంభమైంది. ఉక్రెయిన్ యుద్ధం, రష్యా ముడి వజ్రాలపై పాశ్చాత్య దేశాల నిషేధం, ప్రయోగశాల వజ్రాల రాకతో పడిపోయిన ధరలు, 2025 ఆగస్టులో అమెరికా విధించిన 50 శాతం సుంకం ఒకదాని వెంట ఒకటి ఈ పరిశ్రమను కుంగదీశాయి. రాయికి ఇంత అని కూలి లెక్కగట్టే పద్ధతి కావడంతో రాళ్ళు రాని రోజుల్లో కార్మికుడికి రాబడి లేదు. దీపావళి సెలవులకు సౌరాష్ట్రలోని సొంత ఊళ్ళకు వెళ్ళినవారిలో కొందరు తిరిగి కతార్‌గామ్ రాలేదు.